మన ఇళ్ళ పాటలు, మన ఊళ్ళ మాటలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం "జానపద సాహిత్యం – అల్పసంఖ్యాకుల అస్తిత్వం – శాంతిసాధన". ఆ కాగితం చేతికి రాగానే నాకు భయం వేసింది. ఇది విశ్వవిద్యాలయం వారు మాట్లాడవలసిన సంగతి. నేను ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు అలిఫ్, బే దిద్దించేవాణ్ణి. కాబట్టి అంత పెద్ద పేరుకు తగ్గట్టు మాట్లాడలేను. మన ఇళ్ళల్లో పాడుకున్న పాటలు, మన ఊళ్ళల్లో చెప్పుకున్న మాటలు మనల్ని పక్కవాడితో ఎట్లా కలిపి ఉంచాయి, ఎక్కడ విడదీశాయి అన్నంతవరకే చెబుతాను. ఉర్దూ మాస్టరు తెలుగులో మాట్లాడుతున్నాడేమిటని కొందరికి అనిపించవచ్చు. మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఉర్దూ లిపి రాదు. రేపు ఇది సంచికలో అచ్చయితే వాళ్ళు కూడా చదవాలని నా కోరిక.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను.

మా నానీమాది జనగామ వైపు ఒక పల్లె. ఆమె ఇసుర్రాయి ముందు కూర్చుందంటే పాట రాక తప్పదు. గుప్పెడు గుప్పెడు జొన్నలు పోస్తూ, పిడి తిప్పుతూ, ఆ తిప్పుడుకు తగిన లయలో దక్కనీలో పాడేది. అందులో అల్లా పేరు వచ్చేది, నబీ పేరు వచ్చేది, నడుమ అత్తగారి మీద చిన్న ఎత్తిపొడుపు కూడా వచ్చేది. చిన్నప్పుడు ఆమె తొడ మీద తల పెట్టుకుని, ఆ రాతి చప్పుడు వింటూ నిద్రపోయినవాణ్ణి నేను. తరువాత చదువుకున్నాను. ట్రైనింగు పూర్తయి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నాకు శుద్ధమైన ఉర్దూ వచ్చిందని ఒక గర్వం. ఒకరోజు మా ఇంటికి ఒక పెద్దమనిషి వచ్చారు, మంచి ఉర్దూ పండితుడు. ముందు గదిలో మేము గాలిబ్ గురించి మాట్లాడుకుంటున్నాం. లోపల నానీమా పప్పు విసురుతూ పాడుతున్నది. నేను లేచి వెళ్ళి, "నానీమా, మెహమాన్ ఉన్నారు. ఆ జాహిల్ మాటలు కాసేపు ఆపు" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. పాట ఆపింది. ఇసుర్రాయి మాత్రం ఆపలేదు, పప్పు విసరాలి కదా. ఆ తరువాత నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆమె పాడగా మళ్ళీ వినలేదు. 2009లో ఆమె పోయింది. ఈమధ్య మా అమ్మాయికి బడిలో, ఇంట్లో పెద్దవాళ్ళు పాడే పాట ఒకటి రాసుకుని రమ్మన్నారట. "అబ్బా, ఒకటి చెప్పు" అని నోటుపుస్తకం తెచ్చి నా ముందు కూర్చుంది. రాగం వచ్చింది నాకు. మాటలు రాలేదు.

ఈ తప్పు నేను ఇంట్లోనే కాదు, బడిలో కూడా చేశాను. పిల్లవాడు వ్యాసంలో "కితాబాం" అని రాస్తే ఎర్రసిరాతో కొట్టివేసి "కితాబేఁ" అని దిద్దేవాణ్ణి. "నక్కో" అంటే బెంచీ ఎక్కించేవాణ్ణి. "కైకు" అంటే క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గు వేస్తుంది. ఎందుకంటే ఉర్దూలో పూర్తి దీవాను కూర్చిన మొదటి కవి అని మేమే పాఠం చెప్పే మహమ్మద్ కులీ కుతుబ్‌షా, 1580 నుంచి 1612 వరకు గోలకొండను ఏలిన ఆ మహానుభావుడు, బహువచనాన్ని మా నానీమా చెప్పినట్టే చెప్పాడు. ఆయన కవిత్వంలో ఆ "ఆఁ" కనిపిస్తే ప్రాచీన దక్కనీ అని గౌరవిస్తాం. పల్లె పిల్లవాడి నోట వస్తే తప్పు అంటాం. "నక్కో" మరాఠీ వాడకం నుంచి మనలోకి వచ్చింది. తెలుగు మాటలు ఎన్ని వచ్చాయో లెక్కే లేదు. అంటే మన భాషే ఇరుగుపొరుగుల చేతుల మీదుగా పెరిగిన భాష. దాన్ని దిద్దడమంటే ఆ ఇరుగుపొరుగులను కూడా కొట్టివేయడమేనని నాకు అప్పుడు తోచలేదు. పరీక్షల్లో ప్రామాణిక ఉర్దూ రాయాలి, అది నేర్పడం నా ఉద్యోగం, అందులో సందేహం లేదు. అయితే నేర్పడానికి ఇంటి భాషను జాహిల్ అనవలసిన పని లేదు గదా.

ఇసుర్రాయి పాట అంటే ఏదో పొద్దుపోక పాడుకున్నదని అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. రిచర్డ్ ఈటన్ అనే అమెరికన్ చరిత్రకారుడు బీజాపూర్ సూఫీల మీద రాసిన పుస్తకం 1978లో వచ్చింది. అందులో "చక్కీనామా", "చర్ఖానామా" అనే పాటల గురించి ఆయన వివరంగా రాశాడు. పిండి విసిరేటప్పుడు, నూలు వడికేటప్పుడు ఆడవాళ్ళు పాడుకోవడానికి వీలుగా చిన్న చిన్న దక్కనీ మాటల్లో సూఫీలు కట్టిన పాటలవి. తిరగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి, విసిరే పనినే జిక్ర్‌గా మార్చారు. ఈటన్ చెప్పేదేమంటే, దక్కనులో సామాన్య జనానికి ఇస్లాం పరిచయమైన దారుల్లో ఈ పాటలు ముఖ్యమైనవి. పెద్ద పెద్ద ఫార్సీ గ్రంథాలు అరల్లో ఉండిపోయాయి. తిరగలి దగ్గరి పాట తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి వచ్చింది. మరి నేను ఆపించింది ఏ పాటనో మీరే ఆలోచించండి.

ఇంకొక చిక్కు ఉంది. తెలుగు జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో పరిశోధన చేసి, 1958లో పుస్తకం వేశారు. ఆ దారిలో ఎందరో పల్లెల వెంట తిరిగి పాటలు కూర్చారు. మన తల్లుల పాటలను ఏ బీరువాలో పెట్టాలి? తెలుగు వారు, ఇది తెలుగు కాదు గదా అంటారు. ఉర్దూ వారు, ఇది ఉర్దూనా అంటారు. ఇద్దరి నడుమ మా నానీమా లాంటివాళ్ళు నిలబడి ఉన్నారు. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఢోలక్ పాటలు ఇంకా వినబడుతున్నాయి, అల్లాహ్ దయ. పల్లెల్లో పిండి గిర్నీ వచ్చిన రోజునే ఇసుర్రాయి మూలకు పోయింది, దానితో పాట కూడా.

ఇక ఊరి సంగతికి వస్తాను.

మా నానీమా ఊళ్ళో పీర్ల కొట్టం ఉన్నది. ఇక్కడ ఒక మాట ముందే మనవి చేస్తాను. అలములు, పీర్లు, సవారీలు షరీయత్ ప్రకారం ఎంతవరకు సబబు అన్నది ఉలమాలు చెప్పవలసిన మాట. మన సభ్యుల్లో దీన్ని ఒప్పనివాళ్ళు ఉన్నారు, మా ఇంట్లోనే ఉన్నారు. నేను ఫత్వా చెప్పడానికి నిలబడలేదు. నా కళ్ళతో చూసినది చెబుతున్నాను.

మా ఊళ్ళో మన ఇళ్ళు తొమ్మిదే. పీర్లు లేచే రోజున మాత్రం ఊరంతా మనదే అనిపించేది. గుండానికి కట్టె కొట్టేది ఒకరు. కుండలు తెచ్చేది కుమ్మరి. దివిటీ పట్టేది చాకలి. పీరుకు విరిగిన పిడి ఉంటే సరిచేసేది కమ్మరి. డప్పు మోగనిదే పీరు లేవదు, ఆ డప్పు మాదిగవారిది. దట్టీలు తెచ్చి కట్టేవాళ్ళలో, మలీద ముద్దలు చేసి తెచ్చేవాళ్ళలో, పిల్లల్ని పీరు కింది నుంచి దాటించేవాళ్ళలో ఎక్కువమంది హిందువులే. హిజ్రీ 61లో, అంటే క్రీస్తు శకం 680లో, ఎక్కడో ఫురాత్ నది ఒడ్డున కర్బలాలో దాహంతో షహీదైన ఇమాం హుసేన్ కథను, గుండం చుట్టూ తిరుగుతూ, తెలుగులో, ఏడుస్తూ పాడేది గొల్లవారు, కాపువారు. "అసోయ్ దూలా" అని మనం పిలిచే ఆ ఆట పేరు, షా హుసేన్ దూల్హా అన్న మాటకు పల్లె నోటి రూపమని చెబుతారు. పిల్లప్పుడు నేను అనుకునేవాణ్ణి, హుసేన్ సాబ్ మన తాలూకావాడే కాబోలు, మన చెరువు ఎండిన సంవత్సరమే ఆయనకు దాహమైంది కాబోలు అని. నవ్వకండి, మీలో చాలామంది అట్లాగే అనుకుని ఉంటారు.

ఇది ఒక్క మా ఊరి మాట కాదు. అనంతపురం జిల్లా నార్పల దగ్గర గూగూడులో పీరు పేరు కుళ్ళాయప్ప. కుళ్ళాయి అంటే టోపీ. అప్ప అని కలిపి ఇంటి పెద్దను చేసుకున్నారు. అక్కడికి వచ్చే జనంలో ఎక్కువమంది హిందువులు. తెలుగు కవి అఫ్సర్ ఆ పండుగ మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ వారు వేశారు. నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకోవడం మీకు తెలిసిందే. ఇటువైపు నుంచి అటు కూడా ఉన్నది. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లిములు పోతారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచు, ఆ లెక్కన స్వామి మా అల్లుడు అంటారు. చరిత్ర పుస్తకాల్లో దీనికి సాక్ష్యం ఎంత ఉందో నేను వెతకను. ఒక ఇంటి పిల్లను ఇంకొక ఇంటికి ఇచ్చినట్టు కథ కట్టుకున్నవాళ్ళు ఎట్లా బతకాలనుకున్నారో అందులోనే తెలుస్తున్నది.

పాటలు ఉంటే కొట్లాటలు రావు అని సభల్లో తరచుగా అంటారు. నేను అట్లా అనలేను. పాట విన్న చెవులే మరునాడు కోపపు మాట కూడా వింటాయి. 2018 సెప్టెంబరులో వినాయక చవితి, మొహర్రం కలిసి వచ్చాయి. మా ఊళ్ళో వినాయకుడి తొమ్మిదో రోజూ, పీర్ల పదో రోజూ ఒక్కటే అయింది. పట్నం నుంచి వచ్చిన కుర్రవాళ్ళు రెండు పక్కలా ఉన్నారు. మైకు ఏ వీధిలో పెట్టాలి, ముందు ఎవరు పోవాలి అన్న మాట పెరిగి, చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. పెద్దవాళ్ళు చెప్పిన నీతులు ఎవరూ వినలేదు. అప్పుడు డప్పు కొట్టే ముసలాయన లేచి, "రెండు తావుల కొట్టేది నేనే గద. గీడ కొట్టాల్నా, గాడ కొట్టాల్నా? నన్ను రెండు ముక్కలు జేస్తరా?" అన్నాడు. అందరూ ఒక్క నిమిషం ఆగారు. ఆ ఆగిన నిమిషంలో పెద్దవాళ్ళు కూర్చుని, పొద్దుగూకక ముందు పీర్లు, దీపాలు పెట్టినాక వినాయకుడు అని తేల్చారు. ఆయనకు ఇద్దరూ కావాలి, ఇద్దరికీ ఆయన కావాలి. మర్నాడు అనుకున్నాం, ఆ ముసలాయన తరువాత డప్పు నేర్చినవాడు ఎవరూ లేడని. 2019లో మళ్ళీ రెండు పండుగలూ ఒకే వారంలో పడ్డాయి. ఈసారి పోలీసు వారు వచ్చి నిలబడ్డారు.

ఒకరి కథ ఇంకొకరి నోట పలకడం కూడా మనకు కొత్త కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం బుర్రకథగా చెబితే ఆంధ్రదేశం కూర్చుని విన్నది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన జీవితకథ పుస్తకానికి పేరు "పింజారి". జనం తిట్టుగా వాడే మాటనే అట్ట మీద పెట్టుకున్నారు. ఇటు మన జనగామ ప్రాంతంలోనే, కామారెడ్డిగూడెం షేక్ బందగీ, విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్న దాయాదులతో భూమి కోసం కోర్టుల్లో పోరాడాడు. 1940లో ఆయనను దారి కాచి చంపారు. ఆ కథ ఊళ్ళల్లో పాకి, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో రాసిన "మా భూమి" నాటకానికి ప్రేరణ అయింది. బందగీ మీ వాడా, మా వాడా అని అప్పుడు ఎవరూ అడగలేదు.

అదే జనగామ తాలూకాలో ఎనిమిదేళ్ళ తరువాత జరిగినదాన్ని మాత్రం మనం ఎవరమూ కలిసి చెప్పుకోలేదు. ఇక్కడ నేను కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి.

1948 పోలీసు యాక్షను నాటికి మా నానీమాకు పదమూడేళ్ళు. ప్రతి రంజాన్‌లోనూ ఒక కథ చెప్పేది. గుంపులు వస్తున్నాయని తెలిసి, పక్కింటి సాలెవాళ్ళు తమను ఇంట్లోకి తీసుకుని, మగ్గం గుంటలో కూర్చోబెట్టి, పైన పడుగు పరిచి, ఏమీ ఎరగనట్టు మూడు రాత్రులు నేత నేశారట. తల పైన పలక ఆడుతున్న చప్పుడు వింటూ, తుమ్ము వస్తే నోరు నొక్కుకుని కూర్చున్నామని చెప్పేది. మా ఇంట్లో 1948 అంటే ఇంతే. మేము బాధపడ్డవాళ్ళం, సాలెవాళ్ళు దయగలవాళ్ళు.

నాలుగేళ్ళ కింద ఆ సాలె ఇంటి మనవడు ఒక పెళ్ళిలో కలిశాడు. ఈ కథ చెప్పి కృతజ్ఞత తెలుపుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "దాచిన మాట నిజమే సార్. అంతకు నెల ముందు రజాకార్లు మా ఇంట్ల వడ్లు ఎత్తుకపోయిన్రు. ఆ గుంపుల మీ నానీమా మేనమామ ఉన్నడని మా తాత చెప్పిండు. మీకు తెల్వదా?" అన్నాడు.

నాకు తెలియదు. ఇంటికి వచ్చి అమ్మీని అడిగాను. ఆమెకు తెలుసు. "బచ్చోంకు చెప్పే బాతా అది?" అన్నది. నాకు నానీమా మీద కోపం రాలేదు గాని, ఇన్నేళ్ళూ ఆ సాలె ఆయనను నేను సగమే తెలుసుకున్నానని తోచింది. వడ్లు పోగొట్టుకున్న మనిషి, వడ్లు తీసుకుపోయినవాడి మేనకోడలిని తన మగ్గం కింద దాచాడు. దాన్ని మేము ఏదో మంచితనం అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాం. ఆయన ఇంట్లో మాత్రం పూర్తిగా చెప్పుకున్నారా అంటే అదీ లేదు. తురకోళ్ళను దాచినందుకు అప్పట్లో ఆయనను ఊళ్ళో కొందరు నిలదీశారట. అందుకని ఆ ముక్క నోరెత్తకుండా, రజాకార్ల కథ మాత్రమే పిల్లలకు చెప్పారట.

ఇటువంటి సగం కథలు ఈ ప్రాంతమంతా ఉన్నాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు, వాళ్ళతో వచ్చిన బలగాలు జనాన్ని కాల్చి చంపిన సంగతి మన ఇళ్ళల్లో చెప్పరు. అదే నెలలో హైదరాబాదులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను, ఇండియాలో కలవాలని రాసినందుకు చంపారు. ఆయన ముస్లిం. ఆయన కథ కూడా మనం తక్కువే చెబుతాం. అటువైపు, సెప్టెంబరు తరువాత ముస్లిముల మీద జరిగినది వాళ్ళ ఇళ్ళల్లో చెప్పరు. దాన్ని విచారించడానికి ఆ ఏడాది చివర కేంద్ర ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందంలో "లైలా కే ఖుతూత్" రాసిన ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా ఉన్నారు. చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయన్నారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం చేతికి రాలేదు. అందులో ఒక సంగతి చదివి నేను పుస్తకం మూసి కూర్చుండిపోయాను. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళకు అడ్డం నిలబడి, ప్రాణాలు కూడా ఇచ్చారని వారు రాశారు. మా నానీమా మగ్గం గుంట కథ ఒక్క మా ఇంటి కథ కాదన్నమాట. ప్రభుత్వం బీరువాలో పెట్టి తాళం వేసినదాన్ని ఆడవాళ్ళు నోట్లో పెట్టుకుని దాచారు, సగమైనా సరే.

పోయిన ఈద్‌కు ఆ సాలె మనవణ్ణి ఇంటికి పిలిచాను. షీర్ ఖుర్మా తాగినాక, మా అమ్మాయి ఎదుట, వాళ్ళ అబ్బాయి ఎదుట రెండు ముక్కలూ చెప్పాం. వడ్ల ముక్క చెప్పడం నాకు కష్టమైంది. నిలదీసిన ముక్క చెప్పడం ఆయనకు కష్టమైంది. ఆయన ఊళ్ళో ఇప్పటికీ ఆ నిలదీసినవారి ఇళ్ళు ఉన్నాయి కదా. పిల్లలు పెద్దగా ఏమీ అనలేదు. వాళ్ళబ్బాయి మాత్రం, మగ్గం గుంట ఎంత లోతు ఉంటది, నలుగురు ఎట్ల పట్టిన్రు అని అడిగాడు.

ఇంతకూ సంఘాన్ని నేను కోరేది పెద్దదేమీ కాదు. మన సభ్యుల ఇళ్ళల్లో డెబ్బై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు ఎందరున్నారో వారి పేర్లు ఇవ్వండి. ఒక నోటుపుస్తకం పెట్టాను. పాట ఎట్లా పాడితే అట్లాగే, ఎర్రసిరా లేకుండా రాస్తాను. ఒక పక్క ఉర్దూ లిపిలో, ఎదురు పక్క తెలుగు లిపిలో. సెల్ ఫోనులో రికార్డు చేసి పంపినా సరే. వాళ్ళకు తెలిసిన 1948 కూడా చెప్పమనండి, ఎవరి పేర్లు వద్దంటే ఆ పేర్లు రాయను.

ఇప్పటికి ఒక ఖాలా దొరికింది. చేతిలో పిడి లేకపోతే పాట గుర్తుకు రాదన్నది. ఇసుర్రాయి కోసం వాడంతా తిరిగాం. చివరికి ఒక యాదవుల ఇంట్లో బోరు మోటారు కింద ఎత్తుకు పెట్టి ఉన్నది దొరికింది. వాళ్ళే మోటారు విప్పి, రాయి కడిగి, ఆటోలో పంపించారు. ఖాలా ముందు ఊరకే తిప్పింది, గింజలు పోయలేదు. రాలేదు. రెండు గుప్పెళ్ళు జొన్నలు పోసినాక వచ్చింది, గంటన్నర పాడింది. రాసినదాంట్లో మూడు మాటలు నాకు తెలియలేదు. ఒకటి తెలుగు అని మా అమ్మాయి చెప్పింది. ఒకటి మరాఠీ అని తేలింది. మూడోది ఖాలాకు కూడా తెలియదట, వాళ్ళమ్మ అట్లా పాడేదట. నోటుపుస్తకం వెంట తెచ్చాను. సభ అయినాక పెద్దవాళ్ళు ఒకసారి చూసి, తెలిస్తే చెప్పగలరు.